తూర్పు గోడ మీది అద్దాలు

ఆ సోమవారం చేయాల్సిన పనులు ప్రశాంతి ఫోనులో ఇలా రాసుకుంది:

కొండాపూర్ సైటు కాంక్రీటు దిమ్మెలు ల్యాబుకు పంపాలి.
తెల్లాపూర్ రిపోర్టులో పేజీల వరస సరిచేయాలి.
అమ్మకు బీపీ మాత్రలు.
ఖాజాగూడ ఇటుకల ఇల్లు, అద్దాలు. గురువారంది ఈరోజే చూసెయ్యాలి.
పాపకు గౌను, తొట్టెల ఫంక్షన్‌కు.
ఉదయ్ భాస్కర్ సార్‌తో సంతకాలు.

ఖాజాగూడ పని ముందుకు జరపడానికి పెద్ద కారణమేమీ లేదు. గురువారం మేనమామ ఇంట్లో తొట్టెల ఫంక్షన్. సెలవు అడిగితే ఉదయ్ భాస్కర్ కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా, "ఆ ఇటుకల ఇల్లు ముందే చూసేసి వెళ్ళమ్మా. అయినా దానికేముంది, ప్రతివారం కదలిక లేదనేగా నువ్వు రాసేది" అన్నాడు.

నిజమే. ప్రతివారం ఆమె అదే రాసేది. రాసిన ప్రతిసారీ మనసులో కొంచెం ధైర్యం వచ్చేది. వాళ్ళ ఇంట్లో ఇంజనీరింగ్ చదివింది ఆమె ఒక్కతే. ఏదైనా తప్పు చేస్తే సరిదిద్దుకోవడానికి అడగదగ్గ మనిషి ఇంట్లో ఎవరూ లేరు. అందుకని చెప్పిన పని చెప్పినట్టు చేసేది. చెప్పనిది చేసేది కాదు.

అద్దాల మేడల మధ్య బస్సు దిగి, పాత ఊరి గల్లీలోకి నడిచింది. రెండు పక్కలా పాత ఇళ్ళన్నీ కూల్చి హాస్టళ్ళు కట్టారు. బాల్కనీల నిండా తువ్వాళ్ళు. గల్లీ చివర ఇదొక్కటే మిద్దె మిగిలింది. ఇప్పటి ఇటుకలో సగం మందం కూడా లేని సన్న ఇటుకలు. వాటి మధ్య వేలెడు మందాన డంగు సున్నం. దర్వాజ మీద కమాను. లోపల టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం పోసిన కప్పు. ఇటువంటి కప్పు గురించి ప్రశాంతి కాలేజీలో ఒక పేరా చదివింది. పరీక్షలో రాలేదు కాబట్టి మర్చిపోయింది. మొదటిసారి ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడితే, ఇంటామె కనకలక్ష్మి నవ్వి, "ఏందే బిడ్డా, పైన ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది.

ఇంటికి తూర్పున ఒకప్పుడు దొడ్డి. ఇప్పుడు అక్కడ రేకుల దడి. దడి వెనక పెద్ద ఆఫీసు భవనం సెల్లార్ కోసం తవ్విన గుంత. కింద బండ తగిలింది. దాన్ని పగలగొట్టడానికి బ్రేకర్ మిషన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా దడదడమని కొడుతూనే ఉంటుంది. పక్క ఇంటికి నష్టం జరగడం లేదని చూపించుకోవడానికి బిల్డర్ ప్రశాంతి వాళ్ళ ఆఫీసును పెట్టుకున్నాడు. తూర్పు గోడకు ఒక పగులు ఉంది. ఆ పగులుకు అడ్డంగా సన్నని అద్దం పట్టీలు, కింద ఒకటి, నడుమ ఒకటి, పైన ఒకటి, ప్రశాంతే అతికించింది. గోడ వెంట్రుకవాసి కదిలినా అద్దం పుటుక్కున విరుగుతుంది. అద్దం బాగుంటే గోడ బాగున్నట్టు. పాత పద్ధతే, కానీ నమ్మదగిన పద్ధతి అని సార్ అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "పగులూ గిగులూ, ప్రమాదం లాంటి మాటలు ఇంటివాళ్ళ దగ్గర అనకు. భయపడతారు. గొడవకు దిగుతారు. ఊరికే చెకింగ్ అని చెప్పు."

ప్రశాంతి అలాగే చెప్పింది. "ఇవి ఆఫీసు సామాను పెద్దమ్మా. చెకింగ్ కోసం. జర పదిలం, పలగొద్దు."

దర్వాజ తీసే ఉంది. ముందు అర్రలో కనకలక్ష్మి దగ్గర పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు తరుగుతున్నారు. ఈ ఇంట్లో వండిన అన్నం క్యారేజీల్లో చుట్టుపక్కల ఆఫీసుల సెక్యూరిటీ వాళ్ళకు, ఊడ్చేవాళ్ళకు వెళుతుంది. వంట తూర్పు అర్రలో. అంటే ఆ గోడ పక్కనే. పొయ్యిల మీద అన్నం గంజు, పప్పు గంజు ఉడుకుతున్నాయి. కనకలక్ష్మి కనిపించలేదు. "గిప్పుడే వస్తనని పోయింది మేడం" అని ఒకామె చెప్పింది.

ప్రశాంతి ఫోను తీసి గోడ దగ్గరికి వెళ్ళింది. కింది అద్దం బాగుంది. పై అద్దం బాగుంది. నడుమ అద్దం రెండు ముక్కలై ఉంది.

విరిగిన చోట అంచులు ఒకదానికొకటి ఎదురుగా లేవు. గోడలో ఒక సగం కొంచెం కిందికి దిగినట్టు, ఒక ముక్క కిందికి జారి ఉంది. గుంతలో బ్రేకర్ కొట్టినప్పుడల్లా ఆ ముక్క అంచు వణుకుతోంది.

వెనక నుంచి చెప్పుల చప్పుడు. కనకలక్ష్మి. చేతిలో న్యూస్ పేపర్ చుట్టిన సన్నని పొట్లం. ప్రశాంతిని చూసి గడపలోనే ఆగిపోయింది.

"నువ్వు బేస్తారం గదా వచ్చేది" అంది. పొట్లం కొంగు కిందికి పోయింది.

"ఏంది పెద్దమ్మా అది?"

"ఏం లేదు. కూరల్లకు."

"కూరల్లకు గింత సన్నగ ఏముంటది? చూపియ్యి."

కనకలక్ష్మి పొయ్యి వైపు చూసింది, గోడ వైపు చూసింది, ఆఖరికి పొట్లం ఇచ్చింది. లోపల అద్దం పట్టీ. అదే పొడవు, అదే వెడల్పు.

"నేను ముట్టలే బిడ్డా. పొయ్యి మీద ఒట్టు. వీళ్ళు గూడ ముట్టలే. పొద్దుగాల చాయ తాగుతుంటే దానంతటదే టప్పుమన్నది. నువ్వు వచ్చేలోపల పెట్టేద్దమని దేవుని పటాలు కట్టేటోని కాడ కోయించుకొచ్చిన. తేడ తెల్వది. ఇంతకుముందువి నువ్వు గుర్తువట్టినవా?"

ప్రశాంతికి ఆ ఆఖరు మాట వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కింది అద్దం వైపు, పై అద్దం వైపు తిరిగి చూసింది.

"ఇంతకుముందువి అంటే?"

"పలిగినప్పుడల్ల మారుస్తనే ఉన్న. పలిగిన అద్దం ఇంట్ల పెట్టుకుంటరా ఎవలన్న? అరిష్టం. అందుల మీ ఆఫీసుది. పలగొట్టినవని నన్నంటరేమోనని భయమైంది. తెల్ల సిమెంట్ కలిపి నీ లెక్కనే బొటనవేలుతోని అదిమిన." ఆమె ముఖంలో భయం పక్కనే చిన్న ఆశ కూడా కనిపించింది, పని బాగా చేశావు అంటారేమోనని.

"ఎన్నిసార్లు?"

"ఎవలు లెక్కవెట్టిన్రు. కిందిది ఒకపారి, ఇది చానాసార్లు."

"పాత ముక్కలేవి?"

"ఇంట్ల ఉంచొద్దు గద. గా గుంతల్నే ఇసిరేసిన."

తారీఖులు ప్రశాంతి అద్దం మీద రాయలేదు. పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసింది. అద్దం మారినా తారీఖు మారలేదు. ప్రతివారం ఆమె వచ్చి కనకలక్ష్మి పెట్టిన కొత్త అద్దానికి ఫోటో తీసి, కదలిక లేదు అని రాసింది. ఆ మాట చూసుకుని గుంత లోతుగా వెళ్ళింది.

"మరి పగులు? అది పెద్దగయితే కనబడాలె గద."

"గది గోడ రంగు సున్నంతోని పూడ్చిన. తేళ్ళొస్తున్నయి."

ప్రశాంతి తన హాస్టల్ గది తాళంచెవితో సున్నం గీకింది. అది మెత్తగా రాలింది. లోపల నల్లటి సందు. పెన్సిల్ పెడితే సగం దాకా వెళ్ళింది. ఇంకొంచెం నెడితే మొత్తం వెళ్ళిపోయింది. చేతికి తడి తగిలింది. ఎర్రగా ఉండాల్సిన ఇటుక పొడి పసుపు పచ్చని ముద్దలా వేళ్ళకు అంటుకుంది.

అప్పుడే మోపెడ్ ఆపి ఐలయ్య లోపలికొచ్చాడు. కనకలక్ష్మి భర్త. క్యారేజీలు ఇచ్చివచ్చే పని ఆయనది. ప్రశాంతి వేళ్ళు చూసి నవ్వాడు.

"దొరికిందా మా తాత దొంగతనం?"

"ఏంది పెద్దనాయినా?"

"మా తాత కుమ్మరి. చెరువు మట్టితోని ఊరందరికీ ఇటుక కాల్చిండు. సొంతిల్లు కట్టుకునేటప్పటికి మూడు గోడలకే మంచిటుక వచ్చింది. నాలుగో గోడకు బట్టి పెడితే నడిమిట్ల వాన. సగమే కాలినయి. మళ్ళ కాల్చనీకి కట్టెల్లేవు. ఏం జేసిండు, బయట ఒక వరుస, లోపల ఒక వరుస మంచివి పెట్టి, నడుమ గా పచ్చివి కుక్కిండు. మా నాయిన జెప్పేటోడు, తూర్పు గోడకు నీళ్ళు తగలనియ్యకుర్రి, తాత పరువు కరిగిపోతది అని."

ఆయన తన మాటకు తానే నవ్వాడు. ప్రశాంతి నవ్వలేదు. దడి సందులోంచి చూసింది. బండకు బెజ్జాలు వేసేటప్పుడు పోసే నీళ్ళు గుంత అంచున నిలిచి, ఇంటి పునాది వైపు తడి ఎక్కి ఉంది. తడి మట్టిలా మారిన ఇటుక మీద టేకు దూలాలు, దూలాల మీద ఇటుకలు, సున్నం, ఇంటి కప్పంతా. కింద పొయ్యిల దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు.

"అందరు బయటికి రాండ్రి" అంది.

"ఎందుకు?"

"గోడ కూలుతది పెద్దమ్మా. ఆ అద్దాలు అందుకే పెట్టినం. గోడ కదిలితే అవి పలుగుతయి. అవి పలగాలె. పలిగితే మాకు చెప్పాలె."

పప్పు కలపబోయిన కనకలక్ష్మి గరిటెతో అలాగే నిలబడింది. గరిటె నుంచి పప్పు బొట్లు నేల మీద పడుతున్నాయి.

"మరి గా మాట జెప్పకపోతివి" అంది. అరవలేదు. అడిగినట్టే అంది.

ముందుగా ఇద్దరు పనివాళ్ళను కనకలక్ష్మే గల్లీలోకి పంపింది. తను మాత్రం వెనక్కి వెళ్ళింది. అన్నం దించాలంది. ఐలయ్య చెయ్యి పట్టుకుంటే విదిలించింది. "తినేటోళ్ళు పొద్దుగాల్నుంచి నిలబడి డ్యూటీ చేస్తున్నరు" అంది. గంజు చెవులు పట్టుకుని ఒక్కొక్కటీ ముందు వసారాలాంటి సాయబానులోకి మోసింది. ఆమె గోడ పక్కనుంచి నడిచిన ప్రతిసారీ ప్రశాంతి పైకి, దూలం కొనల వైపు చూసింది. ఒక కొన దగ్గర సున్నం పొడి సన్నగా రాలుతోంది.

ఉదయ్ భాస్కర్‌కు ఫోను చేసి జరిగింది చెప్పింది. "ఎవరికైనా చెప్పావా?" అన్నాడు. "ఇంటివాళ్ళకు చెప్పాను సార్." "అయ్యో, నన్నడక్కుండా చెప్పావేంటమ్మా. సరే, వస్తున్నా."

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆయన వచ్చాడు. గుంత వైపు నుంచి సైటు మేనేజర్ శ్రీనివాసరావు కూడా వచ్చాడు, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని. ఇద్దరూ గడప దాటి లోపలికి రాలేదు. శ్రీనివాసరావు దూరం నుంచే మెడ సాచి పగులు చూశాడు. అతని గడ్డం కింద చెమట పట్టింది. అతనికీ భయంగానే ఉందని ప్రశాంతికి తెలిసింది.

"మిషన్ ఆపించండి సార్" అంది.

"ఊరికే ఎలా ఆపుతానమ్మా? పైన కారణం అడుగుతారు. మీ వాళ్ళు ప్రతివారం బాగానే ఉందని రాసిచ్చారే అంటారు. నేనేం చెప్పను?" అతను ఉదయ్ భాస్కర్ వైపు తిరిగాడు. "ఒక పని చేద్దామండి. ఇంటివాళ్ళు ఆ అద్దం గేజీలు పీకేసి మార్చేశారని మీరు రాసివ్వండి. అది నాకు కారణం. ఈ నిమిషం ఆపిస్తాను. లోపల కప్పుకు ఆసరాగా జాకీలు పెట్టడానికి మనుషుల్ని కూడా పంపిస్తాను."

ఉదయ్ భాస్కర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది నిజమే కదమ్మా. మార్చింది వాళ్ళేగా."

"నిజమే సార్. అవి ఎందుకో మనం చెప్పలేదు. అదీ నిజమే. రెండూ రాద్దాం."

"రెండు నిజాలు రాస్తే నాకు పనికిరాదండీ" అన్నాడు శ్రీనివాసరావు. కఠినంగా అనలేదు. "ఆ రెండోది చూస్తే మా లీగల్ వాళ్ళు కూర్చుని చదువుతారు. చదవడం అయ్యేదాకా మిషన్ నడుస్తుంది. మీ ఇష్టం."

బ్రేకర్ కొడుతూనే ఉంది. కాలి కింద గల్లీ రాళ్ళు చిన్నగా అదురుతున్నాయి. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ప్రశాంతికి అంతవరకూ ఉంది. ఇప్పుడది కనిపించకుండా పోయింది. సాయబానులో కనకలక్ష్మి వంగి క్యారేజీల్లో అన్నం పెడుతోంది. ఆ సాయబాను కప్పు కూడా తూర్పు గోడకే ఆనుకుని ఉంది. ఎవరు పిలిచినా రావడం లేదు.

"పెద్దమ్మా, నీకు దండం పెడుత, బయటికి రా."

కనకలక్ష్మి వచ్చింది. వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆ ఇద్దరు మగవాళ్ళ ముందు నిలబడింది. మాటలన్నీ విన్నట్టుంది.

"నేను మార్చిన్నని రాస్తే గా మిషన్ ఆగుతదా సారు?"

"ఆగుతుందమ్మా."

"ఇప్పుడే?"

"ఇప్పుడే."

"అయితే రాసుకోర్రి."

ఐలయ్య ముందుకొచ్చాడు. "నీకు అక్కల్ ఉన్నదా? రేపు గోడ కూలితే మనదే తప్పంటరు. ఇల్లు పాయె, పైనుంచి మన మాట గూడ పాయె. కోర్టుకు పోయినా ఎవడు వింటడు? తాత కట్టిన ఇల్లే."

"తాత పచ్చిటుక పెట్టినప్పుడు ఎవల్నడిగిండు?" అంది కనకలక్ష్మి. "గోడ కింద వడి సచ్చినంక మాట పెట్టుకుని ఏం జేస్తవ్? పక్కన హాస్టల్ల పోరగాళ్ళు పండుకున్నరు, నైట్ డ్యూటీ చేసొచ్చి. ఇల్లంత అటు వడితే?" తర్వాత ప్రశాంతి వైపు తిరిగింది. "రాయి బిడ్డా. ఇంటివాళ్ళు అని రాయకు. ఈయన ముట్టలే, నా కాడ పనిజేసేటోళ్ళు ముట్టలే. కనకలక్ష్మి అని పూర రాయి. మార్చింది నేనొక్కదాన్నే."

సార్ కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని ప్రశాంతి రాసింది. బానెట్ కాలుతోంది. అక్షరాలు వంకర పోయాయి. ఇంటి యజమాని భార్య కనకలక్ష్మి ఆఫీసు అనుమతి లేకుండా పరిశీలన అద్దాలను తొలగించి వేరేవి అమర్చిందని, అందువల్ల గోడ కదలిక తెలియలేదని. కనకలక్ష్మి సంతకం పెట్టడానికి ముందు ఆ కాగితాన్ని చదివి వినిపించమంది. విన్నాక, "బాగనే రాసినవ్" అంది. ప్రశాంతికి ఆ మాట వీపు మీద చెయ్యి వేసినట్టూ ఉంది, చెంప మీద కొట్టినట్టూ ఉంది.

శ్రీనివాసరావు ఫోనులో ఒక మాట చెప్పాడు. బ్రేకర్ ఆగింది. ఒక్కసారిగా చప్పుడు పోయేసరికి అందరికీ భయం పెరిగింది. ఇంతసేపూ ఆ దడదడ కింద వినపడని చప్పుడు ఇప్పుడు ఇంటి లోపలి నుంచి వినిపించింది. చక్కెర మీద నడిచినట్టు, సన్నగా, ఆగి ఆగి.

జాకీలు పెట్టడానికి వచ్చిన కూలీలు ఆ చప్పుడు విని గడప దగ్గరే ఆగారు. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఎవరూ వాళ్ళను బలవంతం చేయలేదు. ప్రశాంతి పక్క హాస్టల్ మెట్లెక్కి ఇంటి వైపు గదులన్నీ తలుపులు కొట్టి ఖాళీ చేయించింది. నిద్ర కళ్ళతో వచ్చిన ఒక కుర్రాడు "ఫైర్ డ్రిల్లా మేడం?" అని అడిగాడు. "కాదు, నిజంగనే" అంది.

మంగళవారమంతా ఎవరూ ఇంట్లోకి వెళ్ళలేదు. ఐలయ్య గల్లీ మలుపులో మోపెడ్ మీద కూర్చుని ఇంటి వైపు చూస్తూ ఉన్నాడు. కనకలక్ష్మి దూరపు చుట్టాల వరండాలో పొయ్యి పెట్టి క్యారేజీలు పంపింది. ప్రశాంతి ఆఫీసు నుంచి గంట గంటకూ ఫోను చేసింది. "ఉన్నది బిడ్డా, నిలవడే ఉన్నది" అనేది కనకలక్ష్మి. సాయంత్రానికి ఆ గొంతులో సిగ్గు లాంటిది వచ్చింది. "ఊకనే ఇంతమందిని పరేషాన్ చేసినమేమో." ప్రశాంతికి కూడా ఆ భయం పట్టుకుంది. గోడ కూలుతుందని ఒక భయం. కూలకపోతే ఆమె చేత అనవసరంగా సంతకం పెట్టించానేమోనని ఇంకో భయం. ఏది జరగాలని కోరుకోవాలో తెలియక ఏమీ తినలేదు.

బుధవారం పొద్దున క్యారేజీలు బయల్దేరే వేళకు తూర్పు గోడ నడుమ నుంచి వంగి, గుంత వైపు కాకుండా ఇంటి లోపలికే కూలింది. దూలాలు ఒకదాని వెంట ఒకటి జారాయి. కప్పు మొత్తం వంట అర్ర మీద పడింది. పొయ్యిలున్న చోట ఇటుకల గుట్ట. లోపల ఎవరూ లేరు. దుమ్ము తగ్గాక చూస్తే మూడు మంచి గోడలు అలాగే నిలబడి ఉన్నాయి, దర్వాజ మీది కమానుతో సహా.

ఆ తర్వాత జరిగింది ఐలయ్య అనుకున్నట్టే జరిగింది. ఇంటికి జరిగిన నష్టం ఇంటావిడ చేసిన పని వల్లేనని బిల్డర్ తరఫు వాళ్ళు తేల్చారు. కాగితం వాళ్ళ దగ్గర ఉంది. అద్దాలు దేనికో మేము వాళ్ళకు చెప్పలేదు అని ప్రశాంతి వేరుగా ఒక మెయిల్ రాసి, తన పేరు పెట్టి, బిల్డర్‌కూ సార్‌కూ పంపింది. జవాబు రాలేదు. మళ్ళీ పంపింది. ఇప్పటికీ పంపుతూనే ఉంది. ఉదయ్ భాస్కర్ ఆమెను పనిలోంచి తీసేయలేదు. మెయిల్ గురించి ఎత్తనూ లేదు. ఒకరోజు మాత్రం, "తెల్లాపూర్‌లో అద్దాలు పెట్టేటప్పుడు ఇంటివాళ్ళకు చెప్పమ్మా, ఎందుకో" అన్నాడు.

కానీ ఆ సంగతి ఐటీ కారిడార్‌లోని ఇంజనీరింగ్ ఆఫీసులన్నిటికీ పాకింది. కొత్తగా చేరిన ఇంజనీర్లకు ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఎవరో ఒకరు చెబుతారు: విరిగిన అద్దం అరిష్టమని దేవుడి పటాల షాపులో కొత్తవి కోయించుకొచ్చి అతికించిన ఆంటీ కథ. అందరూ నవ్వుతారు. చాయ తాగడానికి లేస్తారు.

ఆ కథ మీ దాకా కూడా రావచ్చు. వస్తే నవ్వండి, ఆమె కూడా ఇప్పుడు నవ్వుతుంది. కానీ చెప్పేవాళ్ళు అక్కడితో ఆపితే, మిగతాది మీరు కలపండి. ఆవిడ పేరు కనకలక్ష్మి. ఖాజాగూడ. మిషన్ ఆగుతుందంటే తప్పు తన ఒక్కదాని పేరు మీదే రాయించుకుంది. ఆ రోజు అన్నం కూడా టైముకే పంపింది. ఇంత మాత్రం గుర్తుపెట్టుకోండి.